పిలవరాని పేరు, పిలుచుకునే పేరు

మా పాపకు పేరు పెట్టాలి. పేరేమిటో తేలిపోయింది, వసంత. అందులో తగాదా లేదు. తగాదా అంతా ఆ పేరు పక్కన ఇంకొక పేరు ఉండాలా వద్దా అన్నదాని మీదే. మా అత్తగారివాళ్లది పైనగంగ ఒడ్డు ఊరు. తెలుగువాళ్లే గాని చదివింది మరాఠీ బడిలో, అంగడి చేసేది మరాఠీలో, పేర్లు చెప్పుకునే తీరు కూడా ఆ దిక్కుదే. ముందు మనిషి పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. నేను పుట్టింది మెట్‌పల్లి పక్కన పల్లెలో. మా దిక్కు ఇంటిపేరు, ఆ తర్వాత పేరు, అంతే. నడుమ ఏమీ ఉండదు, ఉండాలని మామూలుగా ఎవరికీ తోచదు. పాప మా పుట్టింట్లోనే పుట్టింది. ఇరవై ఒకటోనాడు తొట్టెలలో వేశారు గాని, పేరు మాత్రం అత్తగారింట్లో పెట్టుకుంటారులే అని విడిచిపెట్టారు. ఇప్పుడు వాళ్లు కాపురముంటున్న కాగజ్‌నగర్ వచ్చాక మా అత్తమ్మ వసంత మాధవరావు అని పిలిస్తే ఎంత నిండుగా ఉంటుందో పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెప్పి చూపిస్తున్నది.

మాధవరావు అంటే మావారు. ఇక్కడ రాస్తున్నాను గాని ఈ పేరు ఇంతవరకు నా నోటితో అనలేదు. నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివినదాన్ని. స్త్రీ స్వాతంత్ర్యం గురించి స్టేజీ ఎక్కి మాట్లాడి, బహుమతిగా స్టీలు గిన్నె తెచ్చుకున్నదాన్ని. అయినా దవాఖానలో నర్సు "నీ పెనిమిటి పేరేందమ్మా" అని అడిగితే, బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని వేలితో చూపించాను. ఆమె లేచి వెళ్లి ఆయన్నే అడిగి వచ్చింది. ఆ పేరు నా బిడ్డ పేరు నడుమ వచ్చి కూర్చుంటే, కన్నబిడ్డ నిండు పేరు నేనెప్పుడన్నా నోరారా చెప్పగలనా? చెప్పడానికి చిన్న సంగతే. పాప నిద్రపోయాక కునుకు పట్టక కూర్చుంటే మాత్రం కొండంత అవుతున్నది. ఎందుకంటే, పేరు నోటికి రాకపోతే ఏమవుతుందో చిన్నప్పుడు మా ఇంట్లో కళ్లారా చూశాను.

మా తాత పేరు రాజన్న. వేములవాడ దేవుని పేరు గనుక మా దిక్కు ఇంటికొక రాజన్న ఉంటాడు. తాత పొడుగాటి మనిషి, మాట తక్కువ. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కాగుల దగ్గర మంచం వేయించుకుని కూర్చునేవాడు. ఊరంతా పసుపు వాసన వేస్తుంటే ఆయన ఉన్నచోట మాత్రం చుట్ట వాసన వేసేది. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, ఆయనతో ఎదురుగా మాట్లాడడం నేను చూడలేదు. అన్నం పెట్టాక తలుపు చెక్కకు చెప్పేది, "పెట్టిన" అని. ఆయనా తలుపు చెక్కకే చెప్పేవాడు, "వస్తున్న" అని. ఆ తలుపు చెక్క మీదుగానే వాళ్ల సంసారం జరిగిపోయింది. తాత పోయి ఏడాది తిరగకముందే మా తమ్ముడు పుట్టాడు. పుట్టినవాడు ఏడుపు ఆపలేదు. మంత్రసాని వాణ్ని ఒళ్లో పెట్టుకుని, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెవిలో చెప్పుకుంటూ వచ్చింది. ఏ పేరుకు ఏడుపు ఆపితే ఆ పెద్దమనిషే తిరిగి వచ్చినట్టు. రాజన్న అనగానే వాడు నోరు మూశాడు. అప్పుడు మంత్రసాని తేనె అద్దిన వేలు వాడి నోట్లో ఉన్నదని అవ్వ, అంటే మా అమ్మ, చాలా ఏళ్లకు నాతో అంది గాని, ఆనాడు ఆ మాట అనడానికి కోడలికి గొంతెక్కడిది?

అట్లా మా ఇంటికి తాత మళ్లీ వచ్చాడు. వచ్చినాయన మంచం మీద కాళ్లు కొట్టుకుంటూ పడుకుంటే, బాపమ్మ కొంగు తల మీదికి లాక్కుని కింద కూర్చునేది. మంచం మీద ఆయన సరసన కూర్చోవడం ఎప్పుడూ అలవాటు లేదు. "లేచిండ్రా? పాలు తాగుతరా?" అని అడిగేది, అదీ తలుపు చెక్కను చూస్తూ. వాడు ఒళ్లో తడిపితే కొంగుతో తుడుచుకుంటూ, "గిట్ల ఎన్నడు చెయ్యకపోతిరి" అనేది. బాపు చేనునుంచి వస్తే వాకిట్లోనే చుట్ట ఆర్పేసి, నోరు పుక్కిలించి లోపలికి వచ్చేవాడు. తండ్రి ముందు చుట్ట తాగిన కొడుకు కాదు మరి. ఒకరోజు ఆదమరచి నోట్లో చుట్టతోనే లోపలికి వచ్చేసి, తమ్ముడు తనవైపే చూస్తున్నాడని గమనించి, వెలుగుతున్న చుట్టను అట్లానే పిడికిట్లో దాచుకున్నాడు. బొబ్బ ఎక్కింది. తమ్ముడు నవ్వాడు. "నాయినకు అన్నీ ఎర్కే" అన్నాడు బాపు చెయ్యి ఊదుకుంటూ.

అందరికన్నా కష్టం అవ్వది. మామ ముందు కోడలు కూర్చోకూడదు. "కూసోకుంట పాలెట్ల ఇయ్యాలె అత్తా?" అని అవ్వ అడిగితే, బాపమ్మ చాలాసేపు ఆలోచించి, "నువ్వు కూసో. ఆయిన కండ్లు మూసుకుంటడు" అని తీర్పు చెప్పింది. కూర్చోవడం సంగతి తీరింది గాని పిలవడం సంగతి తీరలేదు. మొగుని పేరు బాపమ్మ అనకూడదు, మామ పేరు అవ్వ అనకూడదు. తండ్రి పేరు పెట్టి "ఓరేయ్" అనడానికి బాపుకు నోరు రాదు. ఇంట్లో ఆ పేరు అనగలిగింది నేనొక్కదాన్నే, నన్ను ఎవరూ అనమని అడగరు. అవ్వ వాణ్ని "ఇగో", "ఓ" అని పిలిచేది. కోడిపిల్లల్ని కూడా అట్లాగే పిలిచేది గనుక, రెండు వైపుల నుంచీ వచ్చేవాళ్లు.

అవ్వ ఒకనాడు ధైర్యం చేసింది. పుట్టింట్లో విన్న కొత్త పేరు ఒకటి ఆమె మనసులో ఉన్నది, ప్రభాకర్. "అత్తా, మామ పేరు మామ పేరే. దానికి, ఇంటిపేరుకు నడుమ ఒక పేరు పెట్టుకుందాం. పిలుసుకునేటందుకు" అంది. బాపు ముందే అడ్డం పడ్డాడు. "మా నాయిన పక్కపొంటి ఇంకొకన్ని తెచ్చి కూసోవెడ్తవా?" అన్నాడు. బాపమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. "ఇంకొక పేరుతోటి పిలిస్తె, ఇగ నన్ను పిలుస్తలేరనుకొని ఆయిన మల్ల లేచిపోతే? అప్పుడు పిలగాడెవడు, పేరెవనికి?" అంది. తొట్టెలలో పిల్లలు ఉన్నట్టుండి పోవడం ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ తెలుసు. అవ్వ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ప్రభాకర్ అన్న పేరు ఆమె నోటి దాకా వచ్చి వెనక్కి పోవడం మాత్రం నాకు కనపడుతుండేది.

ఇక బాపమ్మ సంగతి. వాడికి మెడ నిలిచి, మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చాక ఆమెలో ఒక మార్పు వచ్చింది. మధ్యాహ్నం పనులన్నీ తీరాక మంచం దగ్గర కింద కూర్చుని వాడితో పంచాయితీ మొదలుపెట్టేది. "అవుమల్ల, ధర్మపురి జాతరకు ఎడ్లను తీస్కపోయిండ్రు. రంగులేసి, గజ్జెలు కట్టి మరీ తీస్కపోయిండ్రు. నన్నెందుకు తీస్కపోలే? ఎడ్లకున్న పాటి లేనా నేను? ఎప్పుడు సూడు చెప్పకుంట పోవుడే. ఇంట్ల ఒక మనిషున్నదని యాదికుంటెనా!" వాడు చప్పట్లు కొట్టి నవ్వేవాడు. "నవ్వుతుండ్రా? అప్పుడు గూడ గంతే. నేను మాట్లాడితె నవ్వుడే" అనేది. సంసారమంతా తలుపు చెక్కకు చెప్పుకున్న మనిషి, చెప్పుకోని మాటలన్నీ ఇప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పింది. తాత ఇన్ని మాటలు పడ్డది చచ్చి పుట్టాకే. తమ్ముడికి అదే జోలపాట, అదే ఆట. ఆమె గొంతు లేస్తే చాలు, ఎక్కడున్నా పాకుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

వాడికి నడక, పరుగు వచ్చాక ఒక ఎండాకాలం మేం నలుగురం ఎడ్ల కచ్చురం కట్టుకుని మెట్‌పల్లి అంగడికి పోయాం. అవ్వ, బాపమ్మ, నేను, తమ్ముడు. గాజులాయన దగ్గర అవ్వ రెండు చేతులూ చాచి కూర్చుంది. లేచి చూస్తే తమ్ముడు లేడు. అవ్వ నోరు తెరిచింది. నోట్లోంచి ఏమీ రాలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది. బిడ్డ తప్పిపోయాడు, పిలవడానికి పేరు లేదు. "పిలగాడూ! ఓ పిలగాడూ!" అని అరిచింది. అంగట్లో ఉన్న ఆడవాళ్లంతా ఎవరి పిల్లల్ని వాళ్లు చూసుకున్నారు. ఇంతలో బాపమ్మ కొంగు సవరించుకుని గాజులాయన దగ్గరికి పోయింది.

"ఎవలు తప్పిపోయిండ్రు పెద్దమ్మా?" అన్నాడాయన.

"మా ఇంటాయిన."

"ఎట్లుంటడు? రుమాలు చుట్టుకున్నడా?"

"ఏడి రుమాలు! మొలతాడు ఒక్కటే ఉన్నది."

గాజులాయన చేతిలో ఉన్న గాజులు కింద పెట్టాడు. "అంగి లేదా? ధోతి లేదా?"

"తొడిగినా ఉంచుకోడు. గుంజి పారేస్తడు."

"మతి మంచిగనే ఉన్నదా పెద్దమ్మా ఆయినకు?"

"మతికేమైంది! పొద్దుగాల సుత మంచిగ పాలు తాగిండు."

"ఎన్నేండ్లుంటయి?"

బాపమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుంది. ఆమెకు అబద్ధం అలవాటు లేదు. "డెబ్బై నిండినయి" అంది.

గాజులాయన ఎత్తు పీట ఎక్కి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అంగడంతా వినేటట్టు కేక వేశాడు. "ఓ అన్నలూ, డెబ్బై ఏండ్ల పెద్దమనిషి మొలతాడు మీద తిరుగుతుండట, జర సూడుండ్రి!"

"ముసలాయిన గాదు, నా కొడుకు! శిన్న పిలగాడు!" అని అవ్వ అడ్డం పడింది.

"గట్లనా! పేరేంది చెల్లే?"

"చెప్పరాదు."

"ఎందుకు చెప్పరాదు?"

"మా మామ పేరు."

"మీ మామ పేరేంది?"

"గదే చెప్పరాదన్న!"

జనం రెండు గుంపులయ్యారు. సగంమంది పిల్లవాణ్ని వెతికారు, సగంమంది ముసలాయన్ని. ముసలాయన్ని వెతకడానికే ఎక్కువమంది ఉషారుగా పోయారు. అవ్వ నా రెక్క పట్టుకుని కచ్చురం మీదికి ఎక్కించి, "నువ్వు పిలువవే, నీకు దోషం లేదు" అంది. నేను గొంతు చించుకుని "రాజన్నా!" అని అరిచాను. మిరపకాయలు తూకం వేస్తున్నాయన "ఏంది బిడ్డా?" అన్నాడు. గడ్డం చేయించుకుంటున్న ఒకాయన సగం గడ్డంతో చెయ్యెత్తాడు. మేకలు అమ్ముకునేవాళ్లలో ముగ్గురో నలుగురో తలలు తిప్పారు. తమ్ముడు మాత్రం పలకలేదు. ఎట్లా పలుకుతాడు? అది తన పేరని వాడికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పేరు పెట్టింది పిలవకుండా ఉండడానికే గదా.

బాపమ్మ దుమ్ములోనే చతికిలబడింది. చుట్టూ అంతమంది మగవాళ్లున్నారని కూడా చూసుకోకుండా కొంగు జారిపోయినా, "మల్ల పోతిరా? ఒక్కసారి పోయింది సాలలేదా? ఎప్పుడు సూడు చెప్పకుంట పోవుడే! ఇంట్ల ఒక మనిషున్నదని యాదికుంటెనా..." అని మొదలుపెట్టింది. మధ్యాహ్నాల గొంతు కాదది, నిజంగా ఏడుస్తున్న గొంతు. అయినా ఆ మాటలు విని ఎదురుగా ఉన్న బెల్లం బండి కిందినుంచి చప్పట్లు వినిపించాయి. ముఖమంతా బెల్లంతో, ఒంటి మీద మొలతాడుతో మా తమ్ముడు పాకుకుంటూ బయటికి వచ్చి, రోజూ కూర్చున్నట్టే వచ్చి బాపమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"గీయిననా డెబ్బై ఏండ్ల పెద్దమనిషి?" అన్నారెవరో. "మొలతాడు మాటైతే నిజమే" అన్నాడు గాజులాయన.

ఎవరు నవ్వినా అవ్వ నవ్వలేదు. వాణ్ని లాగి చంకనెత్తుకుని, ముఖంలో ముఖం పెట్టి, అంగడంతా వినేటట్టు "ప్రభాకర్!" అంది. ఇంకోసారి అంది. ఇంకోసారి. అత్త ఎదురుగా ఉన్నదని తెలిసే అంది. బాపమ్మ వాడినే చూసింది. ఆయన లేచిపోతాడేమో, వాడు కళ్లు తేలేస్తాడేమో అని. వాడు చేతికంటిన బెల్లం నాకాడు. మళ్లీ నాకాడు. అప్పుడు బాపమ్మ కొంగు తల మీదికి లాక్కుంటూ లేచి, "పిలుసుకో" అంది అవ్వతో. "పేరు లేకుంటె ఎతుకుడెట్ల? పెద్ద పేరు నాకుండనీ, నడిమి పేరు నువ్వు పిలుసుకో." బాపుకు ఇంటికి వచ్చాక చెప్పింది, అడగలేదు. అప్పటినుంచి వాడు ప్రభాకర్ రాజన్న. బాపమ్మ పంచాయితీ మాత్రం వాడు బడికి పోయేదాకా సాగింది. పలక పట్టుకుని నిలబడి, జాతరకు ఎడ్లను తీసుకుపోయిన సంగతికి వాడు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

మొన్న బాపమ్మ పోయింది. పాప పుట్టిన తర్వాత వచ్చిన మొదటి చావు. తలకొరివి బాపు పెట్టాడు గాని, అందరికన్నా ఎక్కువ ఏడ్చింది కాలేజీలో చదువుతున్న ప్రభాకరే. "ఇప్పుడు నేనెవల్నక్కా?" అని అడిగాడు నన్ను. ఆ రోజుల్లో పేరంటే మనిషే. ఎవరి పేరు పెడితే వాళ్లే వచ్చి ఇంట్లో కూర్చునేవాళ్లు, చుట్ట దాచుకోవాల్సి వచ్చేది, కొంగు కప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు పేరంటే నిండుగా ఉందా లేదా అని చూసుకోవడం, ఎవరి తాలూకో తెలియడం. ఏది మేలో నేను చెప్పలేను. ఆనాడు నడిమి పేరు మా అవ్వను బతికించింది. ఈనాడు మా ఇంట్లో పెడతానంటున్న నడిమి పేరు, నా నోరు కట్టేసేటట్టున్నది. కాగజ్‌నగర్ స్టేషన్లో పాప నా చెయ్యి విడిచినట్టు, ఎవరి పాప అని జనం అడిగినట్టు, నేను వేలితో చూపించడానికి మావారు కూడా పక్కన లేనట్టు ఊహించుకుని ఒళ్లంతా చెమట పట్టించుకుంటున్నాను. పాపకు ఇంకా పాకడమే రాదు.

ఈ పొద్దున అత్తమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. వెదురు ఉడికే వాసన కాగితం కార్ఖానా వైపునుంచి వస్తున్నది. వరండాలో మామయ్య కుర్చీలో పేపర్ చదువుతున్నారు. ఆయన పేరు గణపత్‌రావు. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని పాపకు నూనె రాస్తున్నది.

"నడుమ పేరొద్దు అత్తమ్మా. ఆడపిల్ల. రేపు పెండ్లయితే ఆ పేరు తీసేసి మొగుని పేరు పెడతరు. ఎట్లాగూ పోయేదాన్ని ఎందుకు పెట్టడం?"

"అగ బాయీ! అందరికీ గట్లనే గద. నాది మారలేదా?" అంది. నిజమే, మారింది. ఇప్పుడు ఆమె నిండు పేరు నడుమ మామయ్య పేరున్నది. అందుకని తన పేరు తాను ఒక్కనాడూ చెప్పుకోలేదు. రేషన్ దుకాణంలో అడిగితే పక్కింటి పిల్లను వెంట తీసుకుపోయి చెప్పిస్తుంది. "నడుమ తండ్రి పేరు లేకుంటె, రేపు పొల్ల ఎవరి బిడ్డ అని అడిగితె ఎట్ల?"

"నేను చెప్తాను."

అత్తమ్మ నూనె రాయడం ఆపింది. "నువ్వా? ఏదీ, నేను అడుగుతున్న. గీ పొల్ల ఎవరి బిడ్డ? చెప్తివా, పేరొద్దు. చెప్పకపోతివా, పేరు పెట్టాల్సిందే."

కొంగు కొస వేలికి చుట్టుకున్నాను. స్టేజీ మీద అంతమంది ముందు మాట్లాడినప్పుడు ఇట్లా చెయ్యలేదు. పాప నూనె ముఖంతో నన్నే చూస్తున్నది. కళ్లు మూసుకుని, "మాధవరావు" అన్నాను. నేననుకున్నదానికన్నా చాలా గట్టిగా వచ్చింది.

"ఆఁ! ఏమైంది, ఏమైంది?" అంటూ లోపలినుంచి మావారు ఒక కాలికి బూటు, ఇంకో బూటు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎవరు పిలిచారో తెలియక వీధిలోకి చూశారు, గేటు దగ్గరికి పోయి చూశారు. చివరికి నా ముఖం చూసి, చెవులదాకా ఎర్రబడి, బూటు వేసుకోకుండానే లోపలికి పోయారు. అత్తమ్మ నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నది. పాప కూడా ఎందుకో నవ్వింది.

"ఇప్పుడు మీ వంతు" అన్నాను. నాకంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. "మీ నిండు పేరు చెప్పండి అత్తమ్మా."

"ఊకో, పిచ్చిదానా" అంది. కాని లేచింది. చేతుల నూనె తుడుచుకున్నది. మామయ్య వైపు తిరిగింది. కుర్చీలో పేపర్ మెల్లగా కిందికి దిగింది. దాని వెనకనుంచి ముందు కళ్లద్దాలు, తర్వాత ముఖం కనపడ్డాయి. అత్తమ్మ నోరు తెరిచింది. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచింది.

"చాయ్ తాగుతరా?" అంది.

"పెట్టు" అన్నారు మామయ్య.

అత్తమ్మ గబగబా వంటింట్లోకి పోయింది. గిన్నె చప్పుడైంది, నీళ్లు పోసిన చప్పుడైంది. కొంచెం సేపటికి లోపలినుంచే, ఎవరితో అన్నట్టూ కాకుండా, "పొల్లకు నడుమ ఏమొద్దు తియ్యి. దాని పేరు దానికన్న చెప్పుకోరానీ" అంది.

మామయ్య పేపర్ మళ్లీ ఎత్తలేదు. మోకాళ్ల మీద పెట్టుకుని, వంటింటి తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.